వేడి మీద గారె

స్వరూప ఇంట్లో నెలకోసారి పొద్దున్నే గారెలు వండుతారు. వండుతారేమిటి, స్వరూపే వండుతుంది. గారె వేడి మీదే తినాలని అత్త నర్సింగమ్మ పట్టుదల. అందుకే అందరూ తిని లేచేదాకా స్వరూప కడాయి ముందు నుంచి కదలదు. తన వంతు వచ్చేసరికి నూనె వాసనకే కడుపు నిండిపోతుంది.

మొన్న దవాఖాన పని మీద నల్గొండ వెళ్లి, టిఫిన్ బండి దగ్గర గారెలు చెప్పింది. పొగలు కక్కుతూ వచ్చాయి. తుంచబోయి, గారెలు వేస్తున్న ఆమె వైపు చూసింది.

"నువ్వు తిన్నవా చెల్లె?"

"వాసనకే నిండుతదక్కా."

స్వరూప తన ప్లేటు ఆమె చేతిలో పెట్టి, జల్లిగంటె లాక్కుంది.

"కూసో. వేడి మీదనే తినాలె."

మళ్లీ కడాయి ముందే నిలబడ్డానని వాయి తిప్పాకగాని స్వరూపకు తెలియలేదు.