మేనత్త నూనె మానేసిన ఏడాది

నిన్న బుక్కరాయసముద్రంలో మా వీధి కొట్టుకు వేరుశనగ నూనె కోసం పోయాను. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేనిది’ అని పెద్ద అక్షరాలు. వేరుశనగలో అది ఎప్పుడుంది గనక! జంతువుల ఒంట్లో తయారయ్యే సరుకది. కొట్టు అతనితో ఆ మాటే అంటే, “అట్ల రాస్తేనే జనాలు కొంటారు మేడం, నేనేం చేసేది?” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి కుక్కర్ పెట్టినా ఆ మంట తగ్గలేదు. నిజానికి ఆ కోపం నిన్నటిది కాదు, మూడేళ్ల కిందటిది.

మా మేనత్తది రాప్తాడు అవతల పల్లె. నలభై ఏళ్లు ఆ ఎర్రనేలలో బుడ్డలు పండించింది. వేరుశనగను మేం అట్లాగే అంటాం. వాన రాని ఏడాది చేను గొర్రెలపాలే. వచ్చిన ఏడాది మాత్రం ఇంటికి సరిపడా నూనె ఆడించుకున్నాకే మిగతావి మండీకి పంపేది. రాగిముద్దలో గుంట చేసి, పప్పు పోసి, దాని మీద ఆ నూనె వంపేది. చాలు చాలని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీద కూడా పోసేది. తిన్నాక చేతికంటిన జిడ్డును మోచేతులకూ మడమలకూ రుద్దుకునేది. డెబ్బై దాటినా ఆమె మడమ పగలడం నేను చూడలేదు. మనిషి మాత్రం భారీ. తను ఆటో ఎక్కితే డ్రైవరు ఇంకెవరి కోసం చూడకుండా బండి తీస్తాడని తనే చెప్పి నవ్వేది.

మూడేళ్ల కిందట ఉగాదికి చూసిన ఆమెను మళ్లీ దసరాకు చూస్తే గుర్తుపట్టలేకపోయాను. రవిక భుజాల మీద నిలవడం లేదు. గోరు తగిలితే చేతి మీద తెల్లగా గీత పడుతోంది. ఏమైందని అడిగాను.

“నూనె ఇసమంట పాపా. డాక్టరు మాదిరి తెల్లకోటు ఏసుకున్న ఆయప్ప ఊర్లోకొచ్చి చెప్పినాడు. నూనె, నెయ్యి, గుడ్డు, పాలు అన్నీ మానేయల్లంట. నరాలు మూసుకపోతాయంట. ఆయప్ప ఇచ్చిన పొడి తాగుతాండా.”

ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. అక్కడే పాఠం ఎత్తుకున్నాను. ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కొవ్వుదేనని, దాని అణువులు తలలు నీళ్ల వైపు పెట్టి, తోకలు లోపలికి దాచుకుని రెండు వరసలుగా నిలబడతాయని, ఆ పొర లేకపోతే కణమే ఉండదని చెప్పాను. మెదడు, నరాల తొడుగులు, కంటికి కావలసిన విటమిన్ ఒంటికి పట్టడం, అన్నిటికీ కొవ్వు కావాలన్నాను. అత్త ఓపిగ్గా విన్నది.

“నువ్వు నోటితో చెప్తాండావు. ఆయప్ప నా ఒంట్లో కొవ్వెంతుందో మిషను పెట్టి చూసినాడు గదా” అన్నది.

వారం తిరక్కుండానే కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే అనంతపురం ఆసుపత్రిలో చేర్చాం. పిత్తాశయం నిండా రాళ్లు. తిండిలో కొవ్వు తగిలితేనే అది పిండుకుని పైత్యపు పసరును పేగులోకి వదులుతుంది. నెలల తరబడి ఆ పని లేక పసరు అక్కడే చిక్కబడిందని, ఒళ్లు అంత తొందరగా తగ్గడం కూడా తోడయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేశారు. కుట్లకు చీము పట్టి పదిహేను రోజులు మంచం మీదే ఉంది.

ఆ కోటు మనిషి పక్క ఊళ్లో క్యాంపు పెట్టాడని తెలిసి, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని పోయాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

“మేడం! నేను మేడం, టెన్త్‌లో మీ స్టూడెంట్‌ని.”

కాగితాలు చూపించి, మా అత్తను ఏం చేశావో చూడమన్నాను. వాడు తడబడలేదు.

“మీరు చెప్పిందే చెప్తాండా మేడం. కొవ్వు రక్తనాళాల్లో పేరుకుంటే గుండెపోటు వస్తుందని మీరే రాయించినారు గదా.”

రాయించాను. లిపిడ్ల జవాబులో నాలుగు పాయింట్లు, మూడు కొవ్వు ఒంటికి చేసే మేలు, చివరిది ఈ గుండెపోటు. పరీక్షలో తప్పకుండా వస్తుందని చివరిదాని కింద గీత కూడా గీయించాను.

“మిగతా మూడు ఏమైనాయిరా?”

“అవి ఎవరికి కావల్ల మేడం? జనాలు భయపడితేనే పొడి అమ్ముడుపోతాది.”

అక్కడ కూర్చున్న ఆడవాళ్లందరికీ అరిచి చెప్పాను, అత్త కాగితాలు ఎత్తి చూపించాను. నలుగురు లేచిపోయారు. మిగతావాళ్లు కదల్లేదు. ఒకామె, మిషను కనబడడం లేదు, పక్కకు జరగమ్మా అన్నది నన్నే.

అత్త బతికింది. ఇప్పుడు అన్నీ తింటుంది, కానీ ఒంట్లో పోయిన సత్తువ తిరిగి రాలేదు. ఆ ఏడాది బుడ్డలు పీకే కాలంలో చేలో లేకపోవడం ఆమెకు అదే మొదటిసారి. చేను కౌలుకిచ్చింది, మళ్లీ తీసుకోలేదు. వాడి మీద ఫిర్యాదు ఇచ్చాను. ఏమైందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. వాడి మీద కోపం ఎంతుందో నా మీద అంతే ఉంది. ఆ జవాబు నా దగ్గర రాసుకున్న పిల్లలంతా ఇవాళ పెద్దవాళ్లు, ఎవరి వంటింట్లో ఏం చెబుతున్నారో. నేను మాత్రం గంట కొట్టేలోపు పాఠం అయిపోవాలన్న తొందరలోనే ముప్పై ఏళ్లూ గడిపేశాను.