పెదవి కదలని జపం

కంటికి కనిపించని పురుగు మొదలు ఏనుగు దాకా అన్నిటికీ వేళకు ఆహారం అమర్చే ఆ శ్రీరామచంద్రుడికి ముందుగా నమస్కారం. ఆయనను తలుచుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని పటమట భజన సమాజంలో నాయనమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని; డెబ్బై దాటినా ఆ అలవాటు పోలేదు, పోనివ్వను కూడా.

ఇక నా విసుగు సంగతి. మొన్న మా మనవరాలు తన కాలేజీ ల్యాబులో తీసిన వీడియో ఒకటి చూపించింది. బూజుకు మేతగా, డబ్బాలోంచి తయారుగా ఉన్న తెల్లటి పొడి తీసి నీళ్ళలో కలిపింది, క్రిములు చావడానికి ఆవిరి పట్టింది, గాజు ప్లేట్లలో పోసింది. పోస్తున్నంతసేపూ వాటి మీదికి వంగి స్నేహితురాలితో నవ్వులూ కబుర్లూ! నాలుగు రోజులు తిరక్కుండా ప్లేట్ల నిండా బూజుకు బదులు వేరే క్రిముల జిగట చుక్కలు.

“మూడోసారి అమ్మమ్మా, మళ్ళీ పోయినయ్యి. నువ్వన్నా దేవుడికి దణ్ణం పెట్టు.”

“దేవుడి సంగతి నేను చూసుకుంటాలే, ముందు నువ్వు నోరు మూసుకో!” అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ కోపం దాని మీద కాదని దానికేం తెలుసు?

నేను బెజవాడలో ఒక వ్యవసాయ ల్యాబులో చేరిన కొత్తల్లో ఈ పొడి డబ్బాలు మాకు లేవు. వన్ టౌన్ నుంచి బంగాళాదుంపలు తెచ్చుకుని, చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉడకబెట్టి, గుడ్డలో వడకట్టి, ముక్కలు పక్కన పెట్టి నీళ్ళు దాచుకునేవాళ్ళం. ఈ తిరకాసు వంట గురించి విన్నప్పుడల్లా మా అమ్మ, నిన్ను ఏ అత్తగారు భరిస్తుందే అని దెప్పేది. ఆ నీళ్ళలో చక్కెర పొడీ, గడ్డకట్టడానికి సముద్రపు నాచు నుంచి తీసిన అగరూ కలిపి, ఉండకట్టకుండా తిప్పి తిప్పి చేతులు పడిపోయేవి. ఫ్లాస్కులకు దూది బిరడాలు బిగించి ఆవిరి పట్టాక, చెయ్యి ఓర్చుకునేంత వేడిలో ప్లేట్లలో పోయాలి. గాలి ఆడకూడదని ఫ్యాను ఆపి కిటికీలు మూసేవాళ్ళం. బెజవాడలో ఫ్యాను లేకుండా ఆ గదిలో నిలబడడమంటే ఏమిటో నా ఈడువాళ్ళకు వేరే చెప్పాలా?

ఆ ఏడు చల్లపల్లి దగ్గర మా మేనమామ చేనుకు కావలసిన బూజు పెంచే పని నాకే పడింది. అంతకు ముందు పంటలో మినుము వేళ్ళు కుళ్ళి చాలా భాగం ఎండిపోయింది. విత్తనాలకు మా ఆకుపచ్చ బూజు పట్టించి చల్లితే ఆ తెగులు తగ్గుతుందని ఆశ. వరి కోతకు ముందే, చేలో తడి ఉండగానే ఆ మినుములు చల్లాలి.

“అయిందా అమ్మాయ్? తడారిపోతే ఇంక మొలవవే” అంటూ మామయ్య రెండుసార్లు బస్సెక్కి వచ్చి వెళ్ళాడు.

రెండుసార్లూ నా ప్లేట్లు ఇలాంటి జిగట చుక్కలే పట్టి పాడయ్యాయి. దుంపలు మార్చాం, దూది మార్చాం, స్టీమరు రబ్బరు మార్చాం. ఎదురు బల్ల మీద మా సారు పోసినవి మాత్రం అద్దాల్లా ఉండేవి. మూడోసారి ఆయన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ ఉండి, గట్టిగా తల పట్టుకున్నాడు.

“ఆ రాముణ్ణి మనసులో తలుచుకో తల్లీ! ప్లేట్లలోకి ఊదుతున్నావేంటమ్మా?”

అది కార్తీక మాసం. నెల తిరిగేలోగా లక్ష నామం పూర్తి చేస్తానని మొక్కుకున్నాను. పనిలో ఉన్నా పైకి వినపడేలా చెప్పుకోవాలని నాయనమ్మ నేర్పింది కదా, మూత తెరిచిన ప్రతి ప్లేటు మీదికీ వంగి, మామయ్య చేను చల్లగా ఉండాలని రామ రామ అంటూ నా నోటి తుంపరలన్నీ అందులో చల్లాను.

వెంటనే దుంపలు మళ్ళీ ఉడికించి, మూతికి గుడ్డ కట్టుకుని, మాట లేకుండా పోశాను. ఒక్క చుక్క లేదు. బూజు పచ్చగా, నిండుగా పెరిగింది. తీసుకెళ్ళేసరికి తడి ఆరుతోందని మామయ్య వట్టి విత్తనాలే చల్లేసి ఉన్నాడు. ఆ ఏడూ సగానికి పైగా ఎండిపోయింది.

“నువ్వేం చేస్తావులే అమ్మాయ్, దైవేచ్ఛ” అన్నాడు గట్టు మీద నిలబడి.

దైవేచ్ఛ కాదు మామయ్యా, నా నోరు అని ఆ రోజు చెప్పలేకపోయాను. తరువాత చెప్పడానికి ఆయన లేడు. నా తప్పును దేవుడి మీద వేసి ఆయన వెళ్ళిపోతే, నేను ఊరుకున్నాను.

దుంపల వాసన పోయింది, దూది బిరడాలు పోయాయి, ఇప్పుడంతా అరగంట పని. చేతులకు అంత శ్రమ తగ్గినా నోరు మాత్రం మా కాలంలో లాగే ఉంది. రేపు మనవరాలు మళ్ళీ పోస్తుందట. దాని కోసం, ఆ గట్టు మీద నిలబడ్డ మామయ్య కోసం, మీరూ నాతో కలిసి ఒక్కసారి రామనామం తలుచుకోండి. పెదవి మాత్రం కదపకండి.