అంకుడనుకున్న కొడిశ

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను ఇల్లందులో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. యూనివర్సిటీ పైచదువు కోసం సెలవుల్లో భద్రాచలం దగ్గరి పర్ణశాల వైపు అడవిలో మొక్కలు సేకరించేదాన్ని. కొమ్మను పాత పేపర్ల మధ్య నొక్కి, ఆరబెట్టి, షీటు అనే దళసరి అట్ట మీద కుట్టి, కింద మూలన చీటీ అంటించాలి. శాస్త్రీయ నామం, ఊళ్లో పిలిచే పేరు, దొరికిన చోటు, సేకరించినవారు. కష్టమైన పని కాదు. ఓపిక కావాలి, అంతే.

నాకు దారి చూపడానికి పక్క గూడెం నుంచి ఒకావిడ వచ్చేది. నాకన్నా పదేళ్లు పెద్దది. వానాకాలం నాట్లకు, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకుకు పోయేది. ఇంట్లో కోయ భాష, నాతో తెలుగు. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది.

ఒక దసరా సెలవుల్లో, వాగు దాటాక, ఎవరో నరికేసిన మొద్దు నుంచి కొత్త కొమ్మలు వచ్చి కనిపించాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి. తుంచితే తెల్లటి పాలు కారాయి. పూత లేదు, కాయ లేదు. అలాంటి కొమ్మతో చెట్టును కచ్చితంగా గుర్తుపట్టలేం, తీసుకోకూడదని పిల్లలకు నేనే చెప్పేదాన్ని. కానీ సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాలి, నా జాబితాలో అంకుడు చెట్టు ఒక్కటే మిగిలింది. కత్తిరించి సంచిలో వేసుకున్నాను.

"అంకుడు దొరికింది" అన్నాను.

"గిది కొడిశ టీచరమ్మా."

"ఆకు చూడక్కా, అంకుడే."

"ఆకేం చూస్తవ్? బెరడు నాకి చూడు. చేదుంటే కొడిశ, లేకుంటే అంకుడు."

తెలియని మొక్కను నోట్లో పెట్టకూడదని నాకు నేర్పారు. పెట్టలేదు. నడుస్తూ ఆమెకు అంకుడు పేరు సంగతి చెప్పాను. పుస్తకాల్లో దాని పేరు రైటియా. స్కాట్లండు డాక్టరొకాయన సముద్రాల అవతలి దీవుల్లో మొక్కలు సేకరించాడు. ఆయన మీద గౌరవంతో మరో శాస్త్రవేత్త, రెండు వందల ఏళ్ల కిందట, ఈ జాతికి ఆయన పేరు పెట్టాడు.

"ఆయన గీ అడవికి వచ్చిండా?"

"రాలేదనుకుంటా."

"డాక్టరంటున్నవ్. మరి మందు చెట్టుకు పెట్టాలె గద ఆయన పేరు? కడుపుల బాగలేకుంటే కొడిశ తాగుతం. అంకుడుతోని ఏమైతది, బొమ్మలు చేస్తరు."

ఇల్లందు వెళ్లి కొమ్మను ఆరబెట్టి, అట్ట మీద కుట్టాను. చీటీ మీద రైటియా అనే రాశాను. యూనివర్సిటీలో షీటు చూసినవాళ్లు కూడా ఏమీ అనలేదు. బీరువాలో పెట్టేశారు.

ఏడాదిన్నర తర్వాత మే నెలలో మళ్లీ వెళ్లాను. రెండో రోజుకే కడుపు చెడింది. ఆమె ఇంట్లో నులకమంచం మీద పడుకున్నాను. భద్రాచలం దవాఖానాకు పోదామంటే మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. ఆమె బయటికి పోయి గుప్పెడు బెరడు తెచ్చి, నలగ్గొట్టి, కాచి, గ్లాసులో పోసి ఇచ్చింది. ఒక్క గుక్కకే చేదుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందక్కా ఇది?"

"నీ డాక్టరు చెట్టే. వాగు అవతల మొద్దు లేదూ, దానిది. జల్దీ తాగు."

మర్నాటికి కుదుటపడ్డాను. బెరడు వల్లో, ఆమె తాగించిన గంజి వల్లో చెప్పలేను. నడవగలిగాక మొద్దు దగ్గరికి వెళ్లాను. కొమ్మలు నా ఎత్తు దాటి, తెల్లటి గుత్తులు పూసి ఉన్నాయి. అంకుడు పువ్వు గొంతులో కుచ్చులాంటి పోగులుంటాయి. వీటిలో లేవు. కొడిశే.

వెనక్కి వచ్చేసరికి ఆమె తునికాకు కట్టలు కడుతోంది. షీటు మీద పాత చీటీ చింపరని, పక్కన సరైన పేరుతో ఇంకోటి అంటిస్తారని, గుర్తించినవారి పేరు కూడా దాని మీద ఉంటుందని చెప్పాను.

"నీ పేరు రాస్తానక్కా. గుర్తుపట్టింది నువ్వే కదా."

ఆమె చేతులు ఆగాయి. "వద్దమ్మా. ఆ కాయితం ఎవరి చేతుల పడ్తదో. ఫారెస్టోళ్లు చూస్తే కొమ్మ నరికింది నేనే అంటరు."

"అది బీరువాలో ఉంటది. ఎవ్వరూ చూడరు."

"ఎవ్వరు చూడనిదానికి రాసుడెందుకు?" అని మళ్లీ కట్టల్లో పడింది.

ఆ తర్వాత పాత పుస్తకాలు తిరగేస్తే, ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదని తెలిసింది. తెల్లదొరల కాలంలో కొడిశ బెరడని చెప్పి అంకుడు బెరడు ఇంగ్లండుకు పంపేవారట. అది పని చేయక, అసలు మందుకే పేరు పోయిందట. చదివాక కొంత ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు సిగ్గు కూడా వేసింది.

కాలేజీ తెరిచేలోపు యూనివర్సిటీకి వెళ్లి కొత్త చీటీ అంటించాను. ఊళ్లో పిలిచే పేరు కొడిశ అని, గుర్తించినవారి దగ్గర నా పేరు రాశాను. బీరువాలు చూసుకునే గుమాస్తా, తారీకు వేయలేదని షీటు వెనక్కి ఇచ్చాడు. తారీకు వేసి ఇచ్చి బస్టాండుకు వచ్చాను.