టీ నీళ్ళలో నానబెట్టిన పేజీ

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే కాస్త ధైర్యం.

ఈ గల్ఫ్ దేశంలో, హిద్ రేవు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు కాగితాలు చూసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడే మహూజ్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. ఇరవయ్యో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. పేజీలకు నంబర్లు కూడా నేనే వేసుకుంటాను.

మా మనవరాలు హారిక ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. పరీక్షల ముందు పాఠాలు తిరగేయడానికి టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. అమెరికా తొలినాళ్ళ చరిత్ర మీద ఇద్దరిద్దరు కలిసి కంప్యూటర్‌లో మ్యూజియం తయారు చేయాలి. స్లయిడుకో గది, గదిలో ఒక వస్తువు, కింద అది ఎక్కడిదో వివరం. హారికకు జోడీ రజిత. ఆ పిల్ల తండ్రి అస్కర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, కరీంనగర్ వైపు మనిషి. చివరి రెండు రోజులు హారికకు జ్వరం. రజిత ఒక్కతే మా ఇంటికొచ్చి పని చేసుకుంటోంది. ఒక గది ఖాళీగా ఉండిపోయింది. ఓడ ఖర్చుకు బదులు కొన్నేళ్ళు చాకిరీ చేస్తామని రాసిచ్చి సముద్రం దాటిన పనివాళ్ళ గది. అలాంటివాడు స్వయంగా రాసుకున్న కాగితం ఒకటి కావాలి, ఎంత వెతికినా దొరకలేదని దిగులుగా చెప్పింది.

నేను వెతికి ఇస్తానన్నాను. వెతకలేదు, రాశాను. హిద్‌లో నా బల్ల ముందు నిలబడిన వలస కూలీల మాటలనే ఇంగ్లీషులో పెట్టాను. నా కాగితాలు యజమాని దగ్గరున్నాయి, ఇంటికి ఎప్పుడు పోతానో తెలియదు అని. ఆ కాగితాన్ని టీ నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఫొటో తీసి రజితకు ఇచ్చాను. ఏదో పాత గ్రంథాలయం పేరు కల్పించి చెప్పాను. ఎందుకు చేశాను? పిల్లకు సాయం చేద్దామనా? నా రాత ఒక మ్యూజియంలో ఉంటుందనే ఆశతోనా? రెండోదే ఎక్కువేమో.

టీచర్ ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది. మరక కింద నోటుపుస్తకం నీలం గీతలు కనిపించాయి. గీతల్లేని కాగితం మీద రాయడం నాకు చేతకాదు. నిలదీస్తే, హారిక తాతయ్య ఇచ్చారని రజిత చెప్పింది. సాయంత్రం హారిక వచ్చి నన్ను అడిగింది. నేనేమీ ఇవ్వలేదన్నాను. ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేసింది. ఇంట్లో అందరూ నమ్మారు, బడికీ అదే చెప్పారు. నమ్మరా మరి?

ఆ శుక్రవారం రజితను వెంటబెట్టుకుని తండ్రి మా ఇంటికి వచ్చాడు.

"పెద్దమనిషి మీద అబద్ధం చెప్తవా? సిగ్గు లేదా నీకు? తాత కాళ్లు మొక్కు."

"నేను అబద్ధం చెప్పలే నాయినా."

"ఇంకా ఎదురు మాట్లాడుతున్నవా? మొక్కు, యల్లా, జల్ది!" అని నా వైపు తిరిగాడు. "తప్పైంది సార్. చిన్నపోరి, మనసుల పెట్టుకోకుండ్రి."

"ఫర్వాలేదయ్యా. పిల్లలన్నాక..."

ఆ పిల్ల వంగింది. వంగే ముందు ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. నేను చెబుతానని ఎదురుచూసింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమ్మా అన్నాను. దీవించాను! ఆ రోజు డైరీలో కూడా అదే రాసుకున్నాను: రజిత వచ్చింది, క్షమించాను.

హారిక ఆమెతో మాట్లాడటం మానేసింది. మరుసటి ఏడు రజిత ఆ బడిలో లేదు. ఎక్కడుందో తెలియదు. నేను కనుక్కోలేదు.

ఇప్పుడు హారిక కాలేజీలో చరిత్ర చదువుతోంది. నా డైరీలన్నీ ఫొటోలు తీసి, తాతయ్య మ్యూజియం అని కంప్యూటర్‌లో పెడుతుందట. వచ్చే వారమే మొదలు. ఆ ఏటి డైరీ చివరి పేజీల్లో, నేను ఆ దొంగ రాతను మూడుసార్లు దిద్దుకున్న చిత్తుప్రతులు ఉన్నాయి. చింపితే నంబర్లు తప్పుతాయి. మొన్న బ్లేడు పెట్టాను. మళ్ళీ తీసేసి డైరీ మూసేశాను. లిఫ్టు మా అంతస్తులో ఆగినప్పుడల్లా హారికే వచ్చిందని ఆ డైరీని దిండు కిందకి తోసేస్తున్నాను. దేనికి ఈ భయం? ఆ పిల్లకు చేసిన అన్యాయానికా, లేక మనవరాలి కళ్ళలో నేను చులకనవుతాననా? ఏడేళ్ళ తరువాత కూడా నా గురించే భయపడుతున్నానంటే, నేనెలాంటి మనిషిని?

హారికకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. కానీ ఇన్నాళ్ళూ ఏ కాగితం మీదా పెట్టనిది ఇక్కడ పెడుతున్నాను. ఆ పేజీ రాసింది నేను. ఇచ్చింది నేను. రజిత అబద్ధం చెప్పలేదు.

భయం పోలేదు. ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకోగలిగాను, అంతే.