తాగానని చెప్పేవాడి కోసం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి అబద్ధం చెప్పాడంటే అందులో అతనికేదో లాభం ఉండే ఉంటుందని. అది పుస్తకాల్లోంచి వచ్చిన నమ్మకం. ఆదోనిలో తాగుడు మాన్పించే కేంద్రంలో కౌన్సిలరుగా చేరాక ఏడాది తిరక్కుండానే పోయింది. పోగొట్టినవాళ్ళలో మొదటివాడు మా భాయ్. ఆయన కిందటి రంజాన్ నెలకు ముందు చనిపోయాడు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళు చేసిన మేలు రాస్తారు. నేను రాస్తున్నది ఆయన నా ఉద్యోగం దాదాపు ఊడగొట్టిన సంగతి. ఆయన గురించి నాకు తెలిసినవాటిలో ఇంతకన్నా నిజమైనది లేదు.

మా కేంద్రం పాత జిన్నింగు మిల్లు వెనక సందులో ఒక అద్దె ఇల్లు. పది మంచాలు. వారానికి రెండు రోజులు కర్నూలు నుంచి మానసిక వైద్యురాలు వచ్చేది (ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్ళం, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు కూడా గొంతు తగ్గించే అనేవాళ్ళం). మిగతా రోజుల్లో ఒక నర్సమ్మ, నేను, భాయ్. భాయ్ ఒకప్పుడు పత్తి మార్కెట్ యార్డులో బోరాలు (బస్తాలు) మోసిన హమాలీ. ఒళ్ళు తెలియకుండా తాగి, మా కేంద్రంలోనే చేరి, మానేసి, అక్కడే పనికి కుదురుకున్నాడు. తాగుడు ఆపిన మొదటి రెండు మూడు రోజులు మనిషికి ఒళ్ళంతా వణుకు, చెమటలు. కొందరికి గోడ మీద లేని చీమలు పాకుతూ కనిపిస్తాయి. భాయ్ వాళ్ళ పక్కనే కూర్చొని ఆ చీమల్ని తువ్వాలుతో తోలేవాడు. నేను ఎదురుగా కుర్చీ వేసుకొని, "మీకు ఇప్పుడు ఎలా అనిపిస్తోంది?" అని అడిగేవాణ్ణి. (చీమలు కనిపిస్తున్న మనిషిని అలా అడగకూడదని ఏ పుస్తకంలోనూ రాయలేదు.)

మేడమ్ ఆ ఏడు ఒక పరిశోధన మొదలుపెట్టింది. కేంద్రం నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళను మూడు నెలల తర్వాత వాళ్ళ ఊళ్ళోనే కలిసి, మళ్ళీ తాగారా లేదా అని అడగాలి. ఆ మనిషిని ఒకసారి, ఇంట్లోవాళ్ళను విడిగా ఒకసారి. జవాబులు ఫారంలో రాయాలి. ఆ పని నాకు అప్పగిస్తూ ఆవిడ, "ఇది శ్రద్ధగా చేయకపోతే ఇక్కడ నీకు పని లేదు" అంది. ఆవిడ అందరితోనూ అలాగే మాట్లాడేది. కానీ నాకది మొదటి ఉద్యోగం. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. భాయ్ అది గమనించాడు. నేను ఏ ఊరికి వెళ్ళాలన్నా ముందురోజు తాను వెళ్ళి, రేపు సారు వస్తాడు, చేలకు పోకుండా ఇంట్లో ఉండండి అని చెప్పి వచ్చేవాడు. ఎంత సాయం చేస్తున్నాడని మురిసిపోయాను.

మొదట హొళగుంద దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్ళాను. పగలు పదకొండు గంటలకు ఆయన మంచం మీద నోరు తెరుచుకొని పడి ఉన్నాడు. తట్టి లేపినా పలకలేదు. "జరమొచ్చింది సారూ" అంది భార్య. "తాగుతున్నాడా అమ్మా?" అంటే, "అయ్యో, వాసన గూడా సూడల్లేదప్పా" అంది. నేను 'తాగలేదు' అన్నచోట టిక్కు పెట్టి, పక్కన 'జ్వరం' అని రాసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవమని సలహా కూడా ఇచ్చి వచ్చాను. చిప్పగిరి వైపు ఇంకో ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు పెట్టి, నేను తినడం పూర్తయ్యేదాకా నా చుట్టూ నిలబడ్డారు. ఆ ఇంటి అవ్వ, అడగకముందే, "మావోడు సారాయి గాదు నాయనా, నీళ్ళు గూడా తాగల్లేదు. రాసుకో" అంది. రాసుకున్నాను. నెల తిరిగేసరికి ఒక కట్ట ఫారాలు తయారయ్యాయి. ఒక్కరంటే ఒక్కరు తాగలేదు. నేను ఇంత బాగా కౌన్సెలింగ్ చేస్తానని నాకే తెలియదు. బస్సు కిటికీ దగ్గర కూర్చొని, ఈ ఫలితాలు బయటికి వచ్చాక నన్ను ఎక్కడెక్కడికి పిలుస్తారో ఊహించుకుంటూ వచ్చాను.

మేడమ్ ఆ కట్ట తిరగేసింది. ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి.

"ఇవి ఏ బస్టాండులో కూర్చొని రాశావు?"

"ఊళ్ళకు వెళ్ళే రాశాను మేడమ్."

"ఒక్కడు కూడా తాగలేదు! ప్రతి మొగుడూ పెళ్ళామూ ఒకే మాట చెప్పారు! ఏ దేశంలోనూ జరగనిది చిప్పగిరిలో జరిగిందా? చూడు, తాగినవాడెవడో తెలిస్తేనే వాణ్ణి మళ్ళీ తీసుకొచ్చి మందివ్వగలం. నువ్వు రాసింది నమ్మితే వాళ్ళలో ఎవరో ఒకరు చచ్చిపోతారు. పది రోజులు టైమిస్తున్నా. మళ్ళీ వెళ్ళు. నిజం తీసుకురా. లేదంటే ఈ కాగితాలతోపాటు నువ్వు కూడా ఇంటికి వెళ్ళు."

తాగుడు మాన్పించడానికి జీతం తీసుకునేవాణ్ణి, తాగానని చెప్పేవాడి కోసం ఊరూరా తిరిగాను. "నిజం చెప్పన్నా, ఒక్కసారైనా తాగి ఉంటావు" అని బతిమాలాను. "యాడ సారూ, ఛీ!" అన్నారు. ఒకాయన లుంగీ మడతలోంచి క్వార్టర్ సీసా జారి నా కాళ్ళ దగ్గర పడింది. ఆయన దాన్ని తీసి, మూత బిగించి, "మా బామ్మర్దిది" అంటూ మళ్ళీ మడతలోనే పెట్టుకున్నాడు. బామ్మర్ది ఎక్కడున్నాడంటే గుంతకల్లులో అన్నాడు. నేను ఎంత బతిమాలితే వాళ్ళు అంత గట్టిగా నిలబడ్డారు. పైగా నావైపు జాలిగా చూసేవాళ్ళు. ఆ జాలి ఎందుకో నాకు అంతుపట్టలేదు. నాలుగో రోజు దేవనకొండలో బస్సు కోసం నిలబడి ఉంటే, అప్పుడే నాకు 'లేదు' అని చెప్పి పంపిన ఇల్లాలు కొంగు నడుముకు చెక్కుకొని వెనకే వచ్చింది.

"ఎందుకట్ల తిప్పల పడతావు సారూ? మేం నోరిప్పం. నీకేం బయం లేదు."

"నాకేం భయమమ్మా?"

"మావోళ్ళు మళ్ళా తాగినారని తెలిస్తే నీ ఉజ్జోగం తీసేస్తారంట గదా. భాయ్ సెప్పిపోయినాడు. ఇంగా పెండ్లి గూడా గాలేదంట నీకు. ఉజ్జోగం లేనోనికి పిల్లనెవురిస్తారప్పా?"

సంచిలోంచి ఫారం మళ్ళీ బయటికి తీశాను. "అయితే మీ ఆయన తాగుతున్నాడా?" అని అడిగాను.

"నువ్వు బస్సెక్కు నాయనా" అంది.

ఆదోనిలో దిగి, నేరుగా వంటగదిలోకి వెళ్ళాను. భాయ్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఊళ్ళలో నా ఉద్యోగం సంగతి చెప్పావా అని అడిగాను.

"అవు, సెప్పినా" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఎందుకు చెప్పావు భాయ్?"

"యార్డులో బోరా సినిగితే ఎవున్ని తీసేస్తారు? మోసినోన్ని. వీళ్ళను మోసింది నువ్వు. వీళ్ళు మళ్ళా తాగితే పోయేది నీ ఉజ్జోగమే గదా. రెండు దినాలు నువ్వు బువ్వ తినల్లేదు. నేను సూసినా."

"మళ్ళీ తాగడం ఈ జబ్బులో మామూలే భాయ్! పడిపోతే మళ్ళీ లేపాలి. క్లాసులో నాలుగుసార్లు చెప్పాను!"

"ఆ క్లాసులో వాళ్ళందరూ నిద్రపోతాంటే విన్నోన్ని నేనొగన్నే బేటా. బాగ సెప్తివి. వాళ్ళు పడితే నువ్వు లేపుతావు. నువ్వు పడితే ఎవురు లేపుతారని నా ఫికరు."

కోపంతో నా గొంతు కీచుమంది. వాళ్ళు నిజం చెప్పకపోతేనే ఇప్పుడు నా ఉద్యోగం పోతుందని అరిచాను. భాయ్ కత్తి పక్కన పెట్టాడు. "అట్లనా? ఆ మాట ముందే సెప్పాల గదా!" అని నన్నే తప్పుపట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రెండు దినాల్లో సర్దుతా. నువ్వు బువ్వ తిను." వద్దని చెప్పేలోగా సందు మలుపు తిరిగాడు. వెనకాలే పరుగెత్తి ఆపాల్సింది. ఎందుకు ఆపలేదా అని చాలా కాలం నన్ను నేను తిట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆకలేసింది.

రెండు రోజులయ్యాక మళ్ళీ ఫారాలు పట్టుకొని బయలుదేరాను. హొళగుంద రైతు ఈసారి వీధిలోనే ఎదురొచ్చాడు. "తాగినా సారూ. బాగ తాగినా. ఆ పొద్దు జరం గాదు. రాసుకో." సరే, ఇది నిజమే అనుకున్నాను. చిప్పగిరి అవ్వ, "పొద్దున లేస్తే మావోనికి అదే పని నాయనా" అని, నా మొహం చూసి చాల్లేదనుకుందేమో, "నేను గూడా రోంత పుచ్చుకుంటా. రాసుకో" అంది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మా ఆదివారం సమావేశానికి వారం తప్పకుండా వచ్చి, తాగకుండా ఎన్ని రోజులైందో అందరి ముందూ లేచి చెప్పే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన మీద నాకు నా మీద ఉన్నంత నమ్మకం. ఆయన కూడా "తాగినా" అన్నాడు.

"మరి మొన్న ఆదివారం తాగలేదని చెప్పావు కదన్నా?"

"అది ఆదివారం సంగతి. ఇది నీ కాయితం సంగతి. పెట్టు సారూ టిక్కు, ఏం గాదు."

మొదటి కట్టలో ఒక్కడూ తాగలేదు. రెండో కట్టలో అప్పటిదాకా తాగనివాడు లేడు. ఫారం ముందు పెట్టుకొని ఏడవాలో నవ్వాలో తెలియని స్థితిలో చివరికి ఎమ్మిగనూరు చేరాను. అక్కడ ఒక నేత ఆయన, చేమగ్గం. నాకన్నా పదేళ్ళు పెద్ద. మగ్గం గుంతలో కూర్చొని ఉన్నాడు కానీ నేయడం లేదు. నేను అడగగానే, "ముట్టల్లేదు సారూ" అన్నాడు, నావైపు చూడకుండా. భార్యను విడిగా అడిగితే, "ఆయన సెప్పిందే నా మాట" అంది. అక్కడికీ భాయ్ వచ్చి చెప్పి వెళ్ళాడు. అయినా ఈ మనిషి నా ఉద్యోగం కోసం తాను తాగానని అబద్ధం చెప్పలేదు. జిల్లా మొత్తంలో ఒక్క నిజాయితీపరుడు దొరికాడనుకున్నాను. 'తాగలేదు' అన్నచోట టిక్కు చాలా శ్రద్ధగా పెట్టాను.

మర్నాడు మేడమ్ వచ్చే రోజు. ఉదయాన్నే రెండు కట్టలూ బల్లమీద పెట్టుకొని ఏం చెప్పాలా అని కూర్చున్నాను. ఎమ్మిగనూరు మొదటి బస్సు దిగి నేత ఆయన ఒక్కడే వచ్చాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకొని ఉన్నాడు. అరుగు ఎక్కుతూ తూలితే భాయ్ పట్టుకున్నాడు.

"నిన్న తాగలేదన్నారు కదా?" అన్నాను. (మనిషి పడిపోతుంటే నేను అడిగింది అదీ.)

"అబద్ధం సారూ. మొదటితూరి సెప్పింది నీకోసరం. నిన్న సెప్పింది నాకోసరం."

"భాయ్ తాగినామని చెప్పమన్నాడు కదా?"

"సెప్పమన్నె. తాగనోళ్ళ నోట్లో ఆ మాట బిన్న, తడుముకోకుండ వస్తాది. తాగినోని నోట్లో రాదు సారూ." చంకల్లోంచి చేతులు తీసి చూపించాడు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. "నాలుగు దినాలాయ. మగ్గంలో నాడె ఇసరలేకపోతాండా. పోగు తెగితే ముడెయ్యలేకపోతాండా. నీ ఉజ్జోగం ఉంటాదో పోతాదో నాకు తెలీదు. ముందు నన్ను పండబెట్టు."

నర్సమ్మ మంచం వేసింది. అంతలో మేడమ్ వచ్చి నాడి చూసి, మందు రాసి, పక్క గదిలోకి వెళ్ళింది. సూది పడ్డాక ఆయన కాస్త కుదురుకున్నాడు. నేను కొత్త ఫారం తీశాను. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత, ఎవరితో, ఎందుకు. వణుకు మధ్య ఆగి ఆగి అన్నిటికీ చెప్పాడు. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు. ఒక జవాబు దగ్గర ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకున్నాక రాసుకున్నాను. ఇన్ని రోజుల్లో నేను నమ్మగలిగిన మొదటి కాగితం అది. దాన్ని పట్టుకొని దాదాపు పరుగెత్తుతూ పక్క గది గుమ్మంలో నిలబడ్డాను.

"మేడమ్, ఒకాయన తాగారు!"

పదో తరగతి పాసైనప్పుడు కూడా నేను ఇంట్లో అంత గట్టిగా చెప్పలేదు. మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ముందు ఆ పళ్ళు లోపల పెట్టు" అంది. భాయ్ తల పట్టుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మంచం మీద నేత ఆయన అంతా విన్నాడు. కాగితం వెనక్కి దాచుకున్నాను. ఏదో చెప్పబోతే ఆయనే చెయ్యి ఎత్తి ఆపాడు. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

"పోనీలే సారూ" అన్నాడు. "నా తాగుడు వల్ల ఒగరికైనా మేలాయ."

మేడమ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, రెండు కట్టలనూ బీరువాలో పడేసింది. ఇకమీదట మా కేంద్రానికి సంబంధం లేనివాళ్ళు వెళ్ళి అడగాలని తేల్చింది. నన్ను తీసేయలేదు. "ఇంకొకణ్ణి తెచ్చినా భాయ్ వాడికీ ఇదే చేస్తాడు" అంది. నేత ఆయన మూడు వారాలుండి వెళ్ళాడు. ఆ తర్వాత మరో రెండుసార్లు మళ్ళీ తాగి, రెండుసార్లూ తనంతట తానే బస్సు దిగి వచ్చాడు. మూడోసారి తర్వాత రాలేదు. ఎందుకు రాలేదోనన్న భయంతో ఎమ్మిగనూరు వెళ్ళి చూస్తే మగ్గం ఆడుతోంది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను పాఠాలు చెబుతున్నాను. రోగి ఎందుకు అబద్ధం చెబుతాడని వాళ్ళు అడుగుతారు. పుస్తకాల్లో ఉన్న కారణాలన్నీ వరుసగా చెబుతాను, వాళ్ళు రాసుకుంటారు. ఒక మనిషి మళ్ళీ తాగాడని తెలిసి, మొహం వెలిగిపోతూ, కాగితం ఊపుతూ గుమ్మంలో నిలబడ్డ కౌన్సిలరు సంగతి మాత్రం చెప్పను. అతను గుర్తొచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోయి నవ్వుతాను. సార్, ఎందుకు నవ్వుతున్నారని అడుగుతారు. ఏమీ లేదంటాను. అది అబద్ధమే. నాకు లాభం ఉండి చెప్పేదే.