కన్వెక్టర్ మీద ఇడ్లీ పిండి

నిప్పుతో, నీటితో మా నాన్న చేసిన మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. అంటే, కాన్‌బెర్రాలో మా పాత ఇంటికి కొత్త బాయిలర్ పెట్టించాక ఇడ్లీ పిండి పొంగలేదు. అంతే.

మా గోడల వెంట పాతకాలం కన్వెక్టర్లు ఉన్నాయి. రేకు పెట్టెలు. లోపలి గొట్టంలో బాయిలర్ వేడినీళ్లు తిరుగుతుంటే, కింద నుంచి దూరిన చల్లగాలి పైనుంచి వెచ్చగా బయటికొస్తుంది. చలికాలమంతా అమ్మ పిండి గిన్నె ఉండేది హాల్లో కన్వెక్టర్ మీదే. కొత్త బాయిలర్ వచ్చాక అది గోరువెచ్చన కూడా కాలేదు. అమ్మేమో ఆదివారం చర్చి లంచ్‌కి ఇడ్లీలు తెస్తానని అందరికీ మాటిచ్చేసింది. శనివారం పొద్దున చూస్తే పిండి గోడకి పూసుకోవడానికి బాగుంది.

నాన్న వంతెనల ఇంజినీరు కాబట్టి ప్లంబర్‌ని పిలవడం నామోషీ. రేకులు విప్పి దుమ్ము లాగాడు. గొట్టాల్లో చిక్కిన గాలి వదిలాడు, దాంతోపాటు కార్పెట్ మీదికి నల్లనీళ్లూ వదిలాడు. బాయిలర్ వేడి మాత్రం పెంచనన్నాడు. నీళ్లు తక్కువ వేడితో తిరిగితేనే గ్యాసు ఆదా అట, కొత్త బాయిలర్ గొప్పతనమంతా అందులోనే ఉందట.

"ఆ గొప్పతనమే రేపు చట్నీతో వడ్డిస్తాలెండి," అంది అమ్మ.

అప్పుడు నా కళ్లు కన్వెక్టర్‌కి అమ్మ మళ్లీ తగిలించిన తొడుగు మీద పడ్డాయి. మిక్సీకి, టీవీకి, ప్రింటర్‌కి కుట్టినట్టే అమ్మ కన్వెక్టర్లకీ కుచ్చుల తొడుగులు కుట్టింది. సరిగ్గా వేడిగాలి వచ్చే చోటే దారంతో కుట్టిన గులాబీలు.

"అమ్మా, బేసికల్లీ నువ్వు హీటర్‌కి స్వెటర్ వేశావు."

"పాత బాయిలర్‌కి అడ్డం రాలేదే?"

నిజమే. పాతది నీళ్లని దాదాపు మరగబెట్టేది, గులాబీల్లోంచి కూడా వేడి తన్నుకొచ్చేది. నాన్న వేడి పెంచితే తొడుగు తీస్తానంది అమ్మ. తొడుగు తీస్తే పెంచుతానన్నాడు నాన్న. ఒకే సోఫాలో కూర్చుని ఈ రాయబారమంతా నాతోనే నడిపారు. చివరికి నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే ఇద్దరూ ఒకేసారి లొంగారు.

మధ్యాహ్నానికి హాలు మే నెల ఏలూరైంది. నాన్న బనీనుతో, విజయగర్వంతో పిండి చూడటానికి బయల్దేరాడు. కన్వెక్టర్ మీద గిన్నె లేదు.

అమ్మ వంటింట్లో ఓవెన్ తలుపు తీసింది. పిండి గిన్నె అంచు దాటి పొంగి ఉంది. మీ ఇద్దరి మీద నమ్మకం లేక పొద్దున్నే ఇందులో పెట్టేశానంది.

ఓవెన్ వెలిగించక్కర్లేదు. లోపలి లైటు వేసి ఉంచితే చాలు, ఆ వేడికే పిండి పులుస్తుంది.