నాలుగు నుంచి ఆరు దాకా అంకమ్మక్క

ఈ వ్యాసం అచ్చవుతుందన్న నమ్మకం నాకు లేదు. అంకమ్మక్క గురించి ఇదే పత్రికకు ఇంతకుముందు రెండుసార్లు రాశాను. మొదటిసారి జవాబే రాలేదు. రెండోసారి చోటు లేదన్నారు. పది రోజుల కిందట ఉదయం ఆమె పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను ఆమె పేరు మీద కొత్త అర్జీ రాస్తున్నాను. సంతకం చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఇప్పుడామె చనిపోయింది గనక మీ దగ్గర చోటు దొరుకుతుందేమో.

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. అంగన్‌వాడీ నాలుగింటికి మూస్తారు. బట్టీ పని ఆరింటికి గానీ వదలరు. ఆ రెండు గంటలూ పిల్లలు ఎక్కడుండాలో ఎవరికీ పట్టలేదు. డబ్బు పుచ్చుకుని చూసేవాళ్లు టౌనులో ఉన్నారు గాని, వాళ్లకిస్తే కూలిలో సగం పోతుంది. అందుకని నాలుగు కాగానే అక్క, అంగన్‌వాడీకి రెండిళ్ల అవతల, తన వసారాలో నిలబడి గరిటెతో పళ్లెం మీద కొట్టేది. ఆ చప్పుడుకు పిల్లలు వరసగా వచ్చేవాళ్లు. బొరుగులు పెట్టి కూర్చోబెట్టేది. తల్లి వచ్చేదాకా ఏ ఒక్కరినీ వసారా దిగనిచ్చేది కాదు.

సున్నం తడిపే గుంటను చూడనివాళ్లకు ఆ పట్టుదల అర్థం కాదు. పైన మీగడ కట్టినట్టు తెల్లగా, కదలకుండా ఉంటుంది. అడుగున ఉడుకుతూనే ఉంటుంది. అక్క కూడా ఒకప్పుడు బట్టీ కూలీయే. ఆడుకుంటూ గుంటలోకి జారిన ఒక పిల్లను ఆమె బయటికి లాగింది. పిల్ల బతికింది. అక్క ఎడమ చేయి మోచేతి దాకా కాలి ముడుచుకుపోయింది. పుండు మానాక ఆమె మళ్లీ పనికి పోలేదు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

నాది మండలాఫీసు ఎదుట జిరాక్సు కొట్టు. ఆమె అర్జీలన్నీ నేను రాసినవే. అంగన్‌వాడీని ఆరింటిదాకా తెరిచి ఉంచండి, ఆ రెండు గంటలకు ఒక ఆయాను వేయండి. ఇంతకుమించి ఆమె ఏనాడూ అడగలేదు. అర్జీలు తీసుకునే రోజని ప్రతి సోమవారం ఆ ఆఫీసుకు వెళ్లేవాళ్లం. ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు. నన్ను చూసి "వచ్చాడయ్యా అర్జీలాయన" అని నవ్విన గుమాస్తా ముఖం నాకింకా గుర్తుంది. ఒకసారి అతనే కాగితం తిరగేసి, ఆధారాలేవీ జతపరచలేదన్నాడు. అక్క ఎడమ చేయి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో నాయనా. మా తమ్ముడికి జిరాక్సు మిషనుంది. ఎన్ని కాపీలు కావాల్నో చెప్పు."

చివరికి విచారణకు ఒక అధికారి వచ్చాడు, సరిగ్గా నాలుగున్నరకు. పిల్లలు బొరుగులు తింటున్నారు. తనూ గుప్పెడు తిన్నాడు. అక్కనూ పిల్లల్నీ ఫొటో తీసుకున్నాడు. "బాగా చూసుకుంటున్నావమ్మా" అని మెచ్చుకుని వెళ్లాడు. నెల తిరక్కుండా కాగితం వచ్చింది: పిల్లల సంరక్షణ సంతృప్తికరంగా ఉన్నందున అర్జీ పరిష్కరించబడినది. తప్పు నాదీ ఉంది. ఆమె గొప్పదనం తెలియాలని, ఆమె చేసే పనంతా అర్జీలో వర్ణించింది నేనే.

మళ్లీ అర్జీ పెడదామన్నాను. "ఈసారి వాళ్లొచ్చే రోజు తలుపుకు తాళమెయ్యక్కా. పిల్లలు ఎటు పోతారో వాళ్లే చూస్తారు."

"నీకేమన్నా మతి పోయిందా ఏంది? ఆళ్లకంటే ముందు గుంట చూస్తది."

"ఒక్కరోజేగా."

"గుంటకు ఒక్కరోజు చాలురా."

నిన్న నాలుగింటికి ఆ ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. పళ్లెం మోగకపోయినా పిల్లలు వచ్చారు. వసారాలో వరసగా కూర్చుని తాళం వంక చూశారు. "పెద్దమ్మ ఏ ఊరు పోయింది తాతా?" అని ఒక పిల్ల అడిగింది. అంతలో ఇద్దరు వసారా దిగి బట్టీల వైపు నడిచారు. పిలిస్తే ఆగలేదు. నా మోకాళ్లతో పరుగెత్తలేను. ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఒకడు వాళ్లను చెరో చేత్తో పట్టుకొచ్చి నన్ను తిట్టి పోయాడు. ఈ రోజు అతను ఆ దారిన వస్తాడో రాడో.

అక్కకు దండ వేద్దామంటే ఇంట్లో ఫొటో దొరకలేదు. ఆమెకున్నది ఒకే ఫొటో, ఆ అధికారి తీసింది. అది పరిష్కరించబడిన అర్జీతో పాటు ఫైలులో ఉంది. అలాంటి మనిషి ఈ ఊరికి మళ్లీ రాదు. వస్తుందని మీరు ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఆ కాగితం మీద సంతకం చేసిన అయ్యా, మీరు రాసిన కారణం చనిపోయింది. ఇప్పుడు విచారణకు రండి, నాలుగున్నరకే రండి. నాలుగు నుంచి ఆరు దాకా ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు? గుంట దగ్గరి నుంచి కబురు రాకముందే, మీ సంతకంతో నాకు జవాబు రాయండి.